ఒప్పుకున్నాకే చట్టం

తాటివాడపేట పురపాలక సంఘానికి అప్పట్లో విశ్వమోహన్ గారు కమిషనర్. నిజాయితీపరుడు, పైగా చదువరి. ఈ రెండు గుణాలూ ఒకే అధికారిలో ఉంటే ఊరు కాస్త జాగ్రత్తగా ఉండాలి. మాకు ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది.

ఒక వేసవిలో ప్రభుత్వం కమిషనర్లందరినీ కొండ మీద చల్లటి చోటికి శిక్షణకు పంపింది. మిగతావాళ్లు అక్కణ్ణుంచి శాలువలూ తేనె సీసాలూ తెచ్చుకున్నారు. విశ్వమోహన్ గారు గ్రీసు దేశాన్ని తెచ్చుకున్నారు. ప్రాచీన గ్రీకులు చట్టాన్ని గురించి ఏమనుకున్నారో ఎవరో ఆచార్యుడు ఒక మధ్యాహ్నమంతా చెప్పాడట. భోజనం తర్వాత ఉపన్యాసం కాబట్టి మెలకువగా విన్నది ఈయన ఒక్కరే.

తిరిగొచ్చిన వారమే కౌన్సిల్ సమావేశం పెట్టించారు. వెనకటి గ్రీసులో వైద్యులు రెండు రకాలుగా ఉండేవారని మొదలుపెట్టారు. బానిసల వైద్యుడు గుమ్మంలో నిలబడి మందు మింగమని చెప్పి వెళ్లిపోతాడు. స్వేచ్ఛాపౌరుల వైద్యుడు మంచం పక్కన కూర్చుని, రోగమేమిటో, మందెందుకో వివరించి, రోగి సరేనన్నాకే మందిస్తాడు. చట్టం చేసేవాడు ఈ రెండో వైద్యుడిలా ఉండాలి. ప్రతి చట్టానికీ ముందు ఒక పీఠిక ఉండాలి. అది విని పౌరుడు మనసారా ఒప్పుకోవాలి. ఒప్పించకుండా అమలు చేసేది పెత్తనమే గానీ చట్టం కాదు. ఇదీ ఆయన చెప్పిన దాని సారాంశం.

"కావున పౌర సమ్మతి పూర్వక శాసనాన్వయ విధానాన్ని సభ ముందుంచుతున్నాను. ఇకపై ఏ పౌరునికైనను, అతడు సంబంధిత పీఠికను ఆలకించి, సంతృప్తి చెంది, అంగీకారం తెలిపిన పిమ్మట మాత్రమే సదరు నిబంధన వర్తించును," అన్నారాయన.

పాత మార్కెట్ వార్డు కౌన్సిలర్ లేచి, ఆ వైద్యుణ్ణి మన ఆస్పత్రికి వేయించగలరా అని అడిగాడు. దీనికి ఖర్చేమైనా అవుతుందా అని చైర్‌పర్సన్ కాత్యాయని గారు అడిగారు. మాటలకు ఖర్చేముంటుందని కమిషనర్ గారన్నారు. పక్క గదిలోంచి బిర్యానీ వాసన వస్తోంది. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

దాన్ని మొదట అమలు చేయాల్సి వచ్చిన మనిషి శానిటరీ ఇన్‌స్పెక్టర్ బొంతు ధనంజయ. ఆయన గొంతు ఊళ్లో ప్రసిద్ధం. మార్కెట్ ఈ చివర ఆయన గొంతు లేస్తే ఆ చివర తోపుడు బళ్లు కదిలేవి. చెత్త చేతిలో పట్టుకుని కాలువ వైపు నడుస్తున్న మనిషి, ఆ గొంతు వినగానే చెత్తతో సహా ఇంట్లోకి వెళ్లి తలుపేసుకునేవాడు. అన్నేళ్ల ఉద్యోగంలో ఏ గడపలోనూ ఎవరూ ఆయన్ని కూర్చోమని అన్న పాపాన పోలేదు.

ఆయనకు కమిషనర్ గారు అప్పగించిన మొదటి పౌరురాలు కర్రి వీరమణి. నాలుగు రోడ్ల కూడలిలో గడియార స్తంభం ఉంది. దాని నీడలో మధ్యాహ్నం పూట వీరమణి గేదెలు పడుకుని నెమరేస్తుంటాయి. బస్సులు వాటి చుట్టూ తిరిగి వెళ్తాయి. ఇదివరకైతే ధనంజయ ఒక్క అరుపు అరిచి, వాటిని బందెలదొడ్డికి తోలించేవాడు. వీరమణి శాపనార్థాలు పెడుతూ వచ్చి విడిపించుకునేది. ఇద్దరికీ అలవాటైపోయిన పద్ధతే. ఇప్పుడాయన చేతిలో పీఠిక ఉంది. కమిషనర్ గారు స్వయంగా రాసింది.

వీరమణి ఇంటి ముందు నిలబడి, "ఓ స్వేచ్ఛాపౌరురాలా, రహదారి అనగానేమి?" అని ధనంజయ చదవడం మొదలుపెట్టాడు. ఆమె హడలిపోయింది. అరవని ధనంజయని ఆమె ఎన్నడూ చూడలేదు. ఒంట్లో బాగాలేదేమోనని నులకమంచం వాల్చి, గ్లాసుతో మజ్జిగ తెచ్చింది. విషయం అర్థమయ్యాక నిదానంగా ఎదురుగా కూర్చుంది.

"అయితే నేనొప్పుకుంటేనేనాండి రూలు?"

"అంతేనమ్మా."

"రోడ్డు మీద కదలకుండా ఉన్నవి తీసెయ్యాలంటారు. ఆ గడియారం స్తంభం కదులుద్దాండి?"

"కదలదు."

"గడియారం తిరుగుద్దా?"

ధనంజయ ఆలోచించాడు. తను ఉద్యోగంలో చేరిననాటి నుంచీ అది తిరగలేదు.

"టైము సెప్పని స్తంభాన్నేమో రోడ్డు మజ్జిన ఉంచుతారు. పాలిచ్చే గేదెనేమో ఎళ్లగొడతారు. పోనీ ఆ స్తంభాన్నొకసారి పిండి చూడండి," అంది వీరమణి.

ధనంజయ మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, పీఠిక మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆఫీసుకు తిరిగొచ్చి నివేదిక రాశాడు. ఒప్పించుటకు వెళ్లి ఒప్పింపబడితిని అని అందులో ఒకే వాక్యం ఉంది.

కమిషనర్ గారు కోప్పడతారని ఆఫీసంతా అనుకుంది. ఆయన కళ్లు చెమర్చాయి. వాదన రెండు వైపులా పదునున్న కత్తి అని, వాదనలో ఓడిన చట్టానికి బతికే హక్కు లేదని అన్నారు. సాయంత్రానికల్లా పశువుల నిబంధన రద్దయింది. గేదెలు చట్టబద్ధంగా పడుకున్నాయి.

ఈ వార్త ఊరంతా పాకింది. మర్నాటి నుంచి తాటివాడపేటలో ఒప్పుకున్న పౌరుడు కనిపించలేదు. పందిళ్ల నిబంధన ఒక పెళ్లివారితో వాదించి ఓడిపోయింది. కోళ్ల దుకాణాల నిబంధనను ఒక కసాయి రెండు ప్రశ్నల్లో ముగించాడు.

ఈ అదనులోనే గంధం పాండురంగారావు పైకొచ్చాడు. ఆయన ఎన్నికల సభల్లో వ్యాఖ్యాత. ఏ పార్టీ పిలిస్తే ఆ పార్టీకి, ఒకే రోజు రెండు పార్టీలు పిలిస్తే రెంటికీ మాట్లాడగలడు. ఆయన శారదా అనంగీకార శిక్షణా కేంద్రం ప్రారంభించాడు. ఒప్పుకోకపోవడం అందులో చదువు. అధికారి ఏం చెప్పినా "అంటే?" అనడం అక్కడ ఓనమాలు. వివరించాక "అది మీ అభిప్రాయం" అనడం గుణింతం. పై తరగతులవాళ్లు ఏమీ అనరు. జాలిగా నవ్వుతారు.

కేంద్రానికి స్థలం దొరక్క పాండురంగారావు దాన్ని ఊరి పెద్ద మురుగుకాలువ మీదే కట్టాడు. కాలువ వెళ్లి పంటకాలువలో కలిసేచోట, నీళ్లలో రాటలు పాతి, పైన పలకలు పరిచి, రేకుల షెడ్డు వేశాడు. ఆక్రమణల నిబంధన పీఠిక పట్టుకుని ధనంజయ వెళ్లాడు. పాండురంగారావు ఒప్పుకోలేదు. ఇలాంటి గురువులు గ్రీసులో కూడా వీధివీధికీ ఉండేవారని కమిషనర్ గారు మురిసిపోయి, వచ్చి రిబ్బన్ కత్తిరించారు.

పురపాలక సంఘం కూడా ఊరికే కూర్చోలేదు. గ్రీకు భాషలో చట్టానికీ పాటకీ ఒకటే మాట అని కమిషనర్ గారికి గుర్తొచ్చింది. పీఠికలు జనానికి ఎక్కకపోవడానికి కారణం అవి వచనంలో ఉండటమేనని తేల్చి, హరికథలు చెప్పే ముక్తేశ్వర భాగవతార్ గారిని ఆస్థాన పీఠికా గాయకుడిగా నియమించారు. భాగవతార్ గారు కుళాయి నీళ్ల పొదుపు పీఠికను మోహన రాగంలో కట్టారు. చిడతలు పట్టుకుని వీధిలో నిలబడి, కారిపోయే కుళాయి ఆవేదనను ఆయన పాడుతుంటే ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. అయిపోయాక ఒప్పుకున్నట్టేనా అని ధనంజయ అడిగాడు. ఒప్పుకోవాలనే ఉందిగానీ, ఆ రెండో చరణం దగ్గర కాస్త సందేహం ఉందని, రేపు ఇంకోసారి వింటే తీరుతుందని వీధివీధంతా అంది. మర్నాడు చాపలు తెచ్చుకున్నారు. ఒప్పుకుంటే కచేరీ పక్క వీధికి వెళ్లిపోతుంది కదా. కంసాలి వీధిలో ఒక ముసలమ్మ చెవులు సరిగా వినబడక ఒప్పుకుంది. ఆ వీధివాళ్లు ఆమెతో మాటలు మానేశారు.

తర్వాత వంతు ఆఫీసు సిబ్బందిది. తామూ పౌరులమేనని, పదింటికి రావాలన్న నిబంధన తమనింకా ఒప్పించలేదని గుమాస్తాలు మర్యాదగా విన్నవించుకున్నారు. విశ్వమోహన్ గారు రోజూ గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ ఒప్పించి లోపలికి పంపేవారు. ఆఖరి గుమాస్తా ఒప్పుకునేసరికి భోజనాల వేళయ్యేది. వన్‌వే రోడ్డుకు ఆ కొసనుంచి ఒక లారీ, ఈ కొసనుంచి ఒక లారీ వచ్చి ముక్కూ ముక్కూ ఆనించి ఆగిపోయాయి. డ్రైవర్లిద్దరూ ఒప్పుకోలేదు. అక్కడే వంట చేసుకున్నారు. తీరుబడిగా మాట్లాడుకోగా ఒకరికి కొడుకు, ఒకరికి కూతురు ఉన్నట్టు తేలి వియ్యంకులయ్యారు గానీ, వెనక్కి మాత్రం పోలేదు.

చట్టాలిలా రోజుకొకటి రాలిపోతుంటే కమిషనర్ గారికే కాస్త భయం వేసింది. ఆయన గ్రీసులో ఇంకొంచెం లోపలికి వెళ్లారు. అక్కడి ఒక ఊళ్లో, చట్టం మార్చాలని ప్రతిపాదించేవాడు మెడకు తాడు వేసుకుని సభలో నిలబడాలట. సభ ఒప్పుకుంటే తాడు తీసేస్తారు. ఒప్పుకోకపోతే బిగిస్తారు. ఈ పద్ధతినీ ఆయన తీర్మానంగా పెట్టారు. రద్దుల జోరు ఆ రోజుతో ఆగిపోయింది. దాంతోపాటు ఈ ఒప్పింపుల పిచ్చిని మార్చే దారి కూడా మూసుకుపోయింది.

ఇంతకీ ధనంజయ సంగతి చెప్పాలి. ఊరంతా ఆయన్ని చూసి జాలిపడింది. ఆయన మాత్రం హాయిగా ఉన్నాడు. ఇదివరకు తలుపులేసుకునేవాళ్లు ఇప్పుడు కుర్చీ వేస్తున్నారు. పీఠిక సగంలో ఉండగానే తమ గోడు మొదలుపెడుతున్నారు. చేపల బజారువాళ్లు చెత్త కాలువలో ఎందుకు పోస్తారో ఆయనకు మొదటిసారి తెలిసింది. కుండీ పెట్టినచోట ఒక కరిచే కుక్క ఉంది. అన్నేళ్లుగా వాళ్లమీద అరిచాడే తప్ప, ఆ మాట వాళ్ల నోటివెంట రానివ్వలేదు. గొంతు బొంగురుపోకుండా ఇంటికొస్తున్న మొగుణ్ణి చూసి ఆయన భార్య దిష్టి తీసింది.

శ్రావణంలో వాన పట్టుకుంది. ఊరి నీళ్లన్నీ పెద్ద కాలువలోకి చేరి, అక్కణ్ణుంచి పంటకాలువలోకి పోవాలి. షెడ్డు రాటలకు అరటి బోదెలు, కొబ్బరి మట్టలు, సంచులు అడ్డుపడి గోడలా కట్టుకుపోయాయి. నీళ్లు వెనక్కి తిరిగాయి. పల్లపు వీధుల్లో బియ్యం డబ్బాలు మంచాలెక్కాయి. వీరమణి గడ్డివామి పునాది కదిలి పక్క వీధికి వెళ్లిపోయింది. పుట్టి వారం కాని దూడను భుజాన వేసుకుని ఆమె తడుస్తూ ధనంజయ దగ్గరికి వచ్చింది.

షెడ్డు పీకించమని అడిగింది. ఒప్పించాలి కదమ్మా అన్నాడాయన. అయితే ఎళ్లి ఒప్పించండంది. ఆయన వెళ్లాడు. పాండురంగారావు ఎత్తైన పలకల మీద పొడిగా కూర్చుని పాఠం చెబుతున్నాడు. నీళ్లు తన షెడ్డు కిందికి వచ్చాయా, తన షెడ్డు నీళ్ల మీదికి వచ్చిందా, ముందు అది తేల్చమన్నాడు. శిష్యులు జాలిగా నవ్వారు. ధనంజయ తిరిగొచ్చాడు.

"ఇదివరకోలా అరవరేంటండీ మీరు?" అంది వీరమణి.

అరిస్తే మళ్లీ తనకెవరూ కుర్చీ వేయరని ఆయనకు నోటిదాకా వచ్చింది. పైకి మాత్రం, విధానం ఒప్పుకోదమ్మా అన్నాడు.

విధానాన్నే మార్చాలి. అత్యవసర సమావేశం పిలిచారు. తాడు వేసుకునేదెవరన్న దగ్గర ఆగింది. చైర్‌పర్సన్ గారికి రక్తపోటు వచ్చింది. పాత మార్కెట్ కౌన్సిలర్‌కి పుట్టినప్పటి నుంచీ మెడనొప్పి ఉన్నట్టు ఆ రోజే బయటపడింది. న్యాయ సలహాదారు అభిప్రాయం కూడా ధైర్యమిచ్చేలా లేదు. తాడు వేయడానికి నిబంధన ఉందిగానీ బిగించడానికి మున్సిపల్ చట్టంలో అధికారం లేదు కాబట్టి, పై నుంచి స్పష్టీకరణ వచ్చేవరకు ఓడినవాడు తాడుతోనే తిరగాలి అని ఆయన రాశాడు. స్పష్టీకరణలు ఎప్పటికి వస్తాయో తెలిసినవాళ్లందరికీ దీనికన్నా ఉరే నయమనిపించింది.

నేను వేసుకుంటానన్నాడు ధనంజయ. ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. వీరమణి భుజం మీద దూడ వణకడం చూసి అన్నానని తర్వాతెప్పుడో భార్యతో చెప్పాడట. తాళ్ల టెండరు ఇంకా ఖరారు కాలేదు. వీరమణి తన ఇంటినుంచి పొడుగాటి పలుపు తెచ్చింది.

"కొత్తదేనండి. ఇంకా ఏ గొడ్డుకీ కట్టలేదు," అని ఆయన మెడకు వదులుగా వేసింది.

సభామందిరంలో చీలమండల లోతు నీళ్లున్నాయి. ధనంజయకు ఉపన్యాసాలు రావు. "ఊళ్లోకి నీళ్లొచ్చాయండి. షెడ్డు తీస్తే పోతాయి. ఒప్పించుకుంటూ కూర్చుంటే పోవు. విధానం రద్దు చెయ్యండి," అని ఆగిపోయాడు.

తర్వాత, షెడ్డు తనది కాబట్టి, పాండురంగారావు జవాబివ్వడానికి లేచాడు. అంత గొప్ప ఉపన్యాసం తాటివాడపేటలో అంతకుముందు లేదు, మళ్లీ వినలేదు.

"నీళ్లొచ్చాయంటున్నారు. మనకెలా తెలిసింది? కాళ్లు తడిశాయి గనక. మరి ఆ తడి నీళ్లలో ఉందా, మన కాళ్లలో ఉందా? సభ్యులు దయచేసి కాళ్లు కుర్చీల మీదికి తీసుకోండి," అన్నాడు.

అందరూ కాళ్లు పైకి తీసుకున్నారు.

"ఇప్పుడు తడి ఉందా?"

లేదు. సభ చప్పట్లతో మారుమోగింది. ధనంజయ కూడా ఒక్క క్షణం ఊగిసలాడాడు. అప్పుడే కొరమీను పిల్ల ఒకటి ఆయన చీలమండ పక్కనుంచి ఈదుకుంటూ చైర్‌పర్సన్ గారి బల్ల కిందికి పోయింది. అది చర్చలో పాల్గొనలేదు.

ఓటింగ్ జరిగింది. ధనంజయ ఓడిపోయాడు. ఇంత ఉదాత్తమైన చర్చ చూడటానికే తాను పుట్టానని విశ్వమోహన్ గారు కన్నీళ్లు తుడుచుకున్నారు.

ధనంజయ మెడలో తాడుతో బయటికి నడిచాడు. దారిలో నీళ్లు మోకాళ్లు దాటాయి. షెడ్డు దగ్గర, దూడను పిట్టగోడ మీద నిలబెట్టి పట్టుకుని, వీరమణి ఎదురుచూస్తోంది. ఏమైందని అడిగింది. ఓడిపోయామన్నాడు. ఆమె ఆయన మొహంలోకి చూసి, దూడ వైపు తిరిగిపోయింది. శాపనార్థం కూడా పెట్టలేదు.

అది ఆయన తట్టుకోలేకపోయాడు. మెడలో తాడు తీశాడు. పై నుంచి స్పష్టీకరణ రాకుండా తాడు తీయడం నేరం. తీసేముందు ఎవరినీ ఒప్పించలేదు, తనను తాను కూడా ఒప్పించుకోలేదు. తాడును షెడ్డు మూలరాటకు కట్టి లాగాడు. రాట కదల్లేదు. మళ్లీ లాగాడు. అప్పుడు, ఇన్ని నెలలుగా దాచుకున్న గొంతంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

"లాగండెహె!"

కొట్లలోంచి, మేడల మీదనుంచి, సభామందిరంలోంచి జనం పరుగెత్తుకొచ్చారు. ఆ గొంతు వింటే ఏదో ఒకటి చేయకుండా ఉండటం వాళ్ల కాళ్లకు తెలియదు. లారీ వియ్యంకులు ముందు పట్టుకున్నారు. వెనక గుమాస్తాలు. ఆ వెనక భాగవతార్ గారు, చిడతలు నడుముకు దోపుకుని. వీరమణి ఒక చేత్తో దూడను పట్టుకుని ఇంకో చేయి వేసింది. రాట ఊడింది. షెడ్డు అలసిపోయిన మనిషిలా నెమ్మదిగా కూర్చుంది. బోదెల గోడ తెగి, ఊరి నీళ్లన్నీ గుడగుడమంటూ పంటకాలువలోకి దూకాయి. శిక్షణా కేంద్రం బోర్డు వాటితోపాటు వెళ్లిపోయింది. మిగిలిన పలకల మీద నిలబడి పాండురంగారావు ఇదంతా జరగలేదని నిరూపిస్తూనే ఉన్నాడు.

ప్యాంటు పైకి మడుచుకుని విశ్వమోహన్ గారు విచారణకు వచ్చారు. తాడు లాగిన ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, మిమ్మల్ని ఏ వాదన ఒప్పించింది అని అడిగారు. వాళ్లకు ప్రశ్న అర్థం కాలేదు. చివరికి లారీ వియ్యంకుల్లో పెద్దాయన, "అరిచేరు కదండీ," అన్నాడు.

కమిషనర్ గారు పిట్టగోడ మీద, దూడ పక్కన కూర్చున్నారు. పాలిపోయిన మొహంతో కిందికి పోతున్న నీళ్లను చూశారు.

"గ్రీసులో వానలు తక్కువనుకుంటానయ్యా ధనంజయా," అన్నారు.

మంచి మనిషి కాబట్టి, మర్నాడు తనే మెడలో తాడు వేసుకుని రద్దు తీర్మానం పెట్టారు. ఎదురు మాట్లాడేందుకు పాండురంగారావు సభలో లేడు, బోర్డు వెతుక్కుంటూ కాలువ గట్టున పోతున్నాడు. తీర్మానం నెగ్గింది. తర్వాత కొన్నాళ్లకు విశ్వమోహన్ గారు వానలు తక్కువుండే జిల్లా కావాలని కోరుకుని బదిలీ మీద వెళ్లారు.

ధనంజయ మళ్లీ అరవడం మొదలుపెట్టాడు. అయితే పని తీరు కొంచెం మారింది. ముందు అరుస్తాడు. చెత్త లోపలికి పోయి, బండి పక్కకు జరిగి, అంతా సర్దుకున్నాక, ఆ గుమ్మంలోనే కూర్చుని, ఎందుకు అరవాల్సి వచ్చిందో నిదానంగా వివరిస్తాడు. వాళ్లు చెప్పేది కూడా వింటాడు. ఇప్పుడు మా మార్కెట్లో ఆయన గొంతు వినబడగానే కొట్లవాళ్లు గబగబా సామాన్లు లోపలికి లాక్కుంటారు, ఆ వెంటనే ఒక స్టూలు తుడిచి బయట వేస్తారు.